మూసేసిన కేసెట్ల షాపు సరుకు: ఏది దాచాలి, ఏది పంపెయ్యాలి?

మోరిస్‌పేట
తెనాలిలో మా మేనమామ షాపు. 1974లో గ్రామఫోన్ రికార్డులతో మొదలుపెట్టారు, తర్వాత కేసెట్లు, రికార్డింగ్, సీడీలు, చివరికి మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం దాకా వచ్చి షట్టర్ దించేశారు. అప్పట్నుంచి అలాగే తాళం వేసి ఉంది. ఇప్పుడు బిల్డింగ్ ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు, నెలాఖరు వరకే టైము. నిన్న తాళం తీసి చూశాను. రికార్డులు నాలుగు బీరువాల నిండా ఉన్నాయి, అన్ని సైజులూ. కేసెట్లయితే లెక్కపెట్టే ఓపిక లేదు. కుక్క బొమ్మ (హెచ్.ఎం.వి. కంపెనీ గుర్తు) రేకు బోర్డు, రబ్బరు స్టాంపులు, బిల్లు పుస్తకాలు, పోస్టర్ల చుట్టలు, పాటల పుస్తకాల కట్టలు, మామయ్య చేత్తో రాసుకున్న రిజిస్టర్లు. "తూకానికి ఇచ్చెయ్యండి, ఎవరికి కావాలి" అని అత్తయ్య. మామయ్యనడిగితే "మీ ఇష్టంరా" అంటారు, అంతకుమించి ఒక్క మాట లేదు. మా ఇంట్లో అంతా పెట్టే చోటు లేదు. వీటి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి, ముందు ఏది కాపాడుకోవాలి? దేనికి విలువ?

కుక్కబొమ్మ78
పాత సామాను వాడికి మాత్రం ఇప్పుడే చెప్పకండి, బాబూ. ముందు 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు, వేరు చెయ్యండి. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, బరువుగా, మందంగా ఉంటాయి, కింద పడితే పింగాణీ పళ్లెంలా ముక్కలవుతాయి. అవి లక్కతో చేసినవి. మన దేశంలో వాటి తయారీ డెబ్బైల మొదట్లోనే ఆగిపోయింది. అంటే మీ మామయ్య షాపు పెట్టేనాటికే అవి పాత సరుకు, ఎవరి దగ్గరో కావాలని కొని ఉంటారు.

ఒక ముఖ్యమైన సంగతి. దుమ్ము పట్టాయని స్పిరిట్‌తో తుడవొద్దు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, గాడి పోతుంది, పాట పోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. 33 రికార్డులు (ఎల్పీలు), 45 రికార్డులు (చిన్నవి, ఈపీలు) ప్లాస్టిక్‌వి, వాటిని కొంచెం సబ్బునీళ్లతో కడగొచ్చు, మధ్యలో కాగితం లేబులు తడవకుండా. అన్నిటినీ పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగువి వంగిపోతాయి.

పద్యనాటకాల సెట్లు ఉన్నాయేమో చూడండి. 78 రికార్డు ఒక్కో వైపు మామూలుగా మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది, అందుకే ఒక్క నాటకానికి బోలెడు రికార్డులు. వాటిలో ఒక్కటి తప్పిపోయినా కథ తెగిపోతుంది. నంబర్లు చూసి జత చెయ్యండి.

బీసెంట్‌రోడ్డు
తెనాలి అంటున్నారు కాబట్టి పద్యాలు లేకుండా ఉండవు! ఆ ఊళ్లో రిక్షా తొక్కేవాళ్లు కూడా రాగం తీసేవాళ్లని మా నాన్న చెప్పేవారు.

మా బెజవాడలో నా చిన్నప్పుడు బీసెంట్ రోడ్డు దాటాలంటే అరగంట. జనం ఎక్కువై కాదు, నేను ప్రతి కేసెట్ల షాపు ముందూ ఆగేవాణ్ణి. ఒక్కో షాపు బయట నల్లటి స్పీకర్ బాక్సులు, ఒకడు అయ్యప్ప పాటలు పెడితే ఎదురుగా ఇంకొకడు డిస్కో పాటలు. కొత్త సినిమా పాటలు వచ్చిన రోజు గోడకి ఇన్‌లే కార్డులు (కేసెట్ డబ్బాలో పెట్టే బొమ్మ కాగితాలు) వరసగా అంటించేవారు, దండ కట్టినట్టు. కొనడానికి డబ్బులుండేవి కాదు. నిలబడి రెండు వైపులూ విని ఇంటికెళ్లేవాళ్లం. ఆ షాపు ఆయన ఒక్కసారి కూడా పొమ్మనలేదు, అది నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

సి90
రిజిస్టర్లు! మోరిస్‌పేట గారూ, రికార్డుల కంటే ముందు అవి తీసి ఇంటికి తెచ్చుకోండి. రికార్డు ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది, ఆ రిజిస్టరు ఇంకోటి ఉండదు.

రికార్డింగ్ సెంటర్ల సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తున్నా. షాపుకి వెళ్తే లాంగ్ బుక్ ఒకటి ఇచ్చేవారు, సినిమా పేర్లు అక్షరక్రమంలో, పక్కన పాటలు, పక్కన రికార్డు నంబరు. మనం చీటీ మీద మనకి కావల్సిన పాటలు రాసి ఇవ్వాలి. సి60 అయితే వైపుకి అరగంట, ఆరేడు పాటలు. సి90 అయితే వైపుకి ముప్పావుగంట. ఆఖరి పాట మధ్యలో తెగకుండా చూడటం షాపువాడి పనితనం. మా గుడివాడలో ఒకాయన నిమిషాలు ముందే కూడి, "ఇది పట్టదు బాబూ, దీని బదులు ఈ పాట వేస్తా, ఇదీ అదే రాగం" అనేవాడు. నేను అడగకుండా ఆయన వేసిన పాటల వల్లే పాత పాటలు వినడం అలవాటయింది. డబ్బులు కేసెట్‌కి వేరు, రికార్డింగ్‌కి వేరు. టీడీకే, మాక్సెల్, సోనీ కొనలేనివాళ్లకి మెల్ట్రాక్.

ఓరుగల్లు_పిల్ల
సి90 అన్నా, చీటీల సంగతి చెప్పినవు కాబట్టి అడుగుతున్నా, ఆ చీటీలు ఉన్నాయా మోరిస్‌పేట గారూ? హన్మకొండ చౌరస్తా దగ్గర మా కాలేజీ అబ్బాయిలంతా రాసిచ్చినవే. పెళ్లయ్యాక మా ఆయన పెట్టెలో ఒక కేసెట్ దొరికింది, రెండు వైపులా విరహగీతాలే, పైన ఇంకెవరి పేరులోదో మొదటి అక్షరం! ఇప్పటికీ చెప్పడు ఎవరో.

బీసెంట్‌రోడ్డు
ఓరుగల్లు అక్కా, తెనాలి రిజిస్టర్లు బయటికొస్తే ఎన్ని ఇళ్లల్లో ఇదే గొడవో.

ఆడియోసేల్స్_గుంటూరు
అందరూ ముచ్చట పడుతున్నారు, నేను రెండో వైపు చెప్తా. ఎనభై ఏడు నుంచి పదిహేనేళ్లు ఆడియో కేసెట్ల డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌లో చేశాను, గుంటూరు, ప్రకాశం జిల్లాలు తిరిగాను. ఈ రికార్డింగ్ సెంటర్లంటే మాకు కడుపుమంట. ఒక్క ఒరిజినల్ కేసెట్ కొని డబుల్ డెక్ (రెండు కేసెట్లు పట్టే రికార్డరు) మీద ఎన్ని కావాలంటే అన్ని దించేవాళ్లు. పాడినవాళ్లకి, రాసినవాళ్లకి, కంపెనీకి ఏం వచ్చింది? 1957 కాపీరైట్ చట్టాన్ని 1984లో సవరించి దొంగ కాపీలకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు పెట్టారు, అయినా ఏ ఊళ్లో ఆగింది? "ఇచ్చట మీకు కావలసిన పాటలు రికార్డు చేయబడును" అని బోర్డు పెట్టుకుని మరీ చేశారు. జ్ఞాపకాలు తియ్యగానే ఉంటాయి, నేను కాదనను, కానీ అది తప్పు పని.

సి90
గుంటూరు గారూ, కొత్త సినిమా కేసెట్‌ని కాపీ కొట్టడం తప్పే, అందులో వాదన లేదు. కానీ యాభైల్లో, అరవైల్లో వచ్చిన పాటలు ఎన్ని కేసెట్ల మీదికి వచ్చాయి? పేరున్న సినిమావి నాలుగు వచ్చాయి, మిగతావి రికార్డుల మీదే ఉండిపోయాయి. మా అమ్మకి ఒక పాట కావాలంటే డబ్బులిచ్చి కొనుక్కునే దారి ఏది? రేడియోలో వస్తుందేమోనని ఎదురుచూడటం తప్ప. ఆ పాట మా ఇంటికి వచ్చింది రికార్డింగ్ సెంటర్ వల్లే.

ఆడియోసేల్స్_గుంటూరు
దానికి కొంత ఒప్పుకుంటా. కంపెనీలు పాత సరుకు పట్టించుకోలేదు. కానీ పాత పాటల కోసం వచ్చేవాళ్లు నూటికి పదిమంది కూడా ఉండరండీ, మిగతా అంతా నిన్న రిలీజైన సినిమాకే.

పోతే మోరిస్‌పేట గారికి పనికొచ్చే సంగతి ఒకటి. అదే 1984 సవరణతో కేసెట్ మీద, కవరు మీద తయారుచేసినవాళ్ల పేరు, అడ్రసు, హక్కుదారు పేరు, మొదట విడుదలైన సంవత్సరం వెయ్యడం తప్పనిసరి అయింది. ఇన్‌లే కార్డు చూడండి. అవేవీ లేకుండా బొమ్మ ఒక్కటే మసగ్గా ఉంటే అది దొంగ సరుకని అనుమానించొచ్చు.

మైకుసెట్టు
మా నాన్నది పిఠాపురం దగ్గర మైకు సెట్టు. పెళ్లి అంటే పందిరి రాట కంటే ముందు మా హారన్లు కట్టాలి, కొబ్బరిచెట్టుకి ఒకటి, డాబా మీద ఒకటి. రికార్డులు రాజమండ్రిలో ఒక షాపులో కొనేవాళ్లం, పాతవి సగం ధరకి ఇచ్చేవాడు షాపు ఆయన, ఎందుకంటే మైకు సెట్టు వాళ్లం అరగదీస్తామని ఆయనకి తెలుసు, కొత్తవి అమ్మితే బాధపడేవాడు! పాత గ్రామఫోన్ పెట్టెలకి ఉక్కు ముళ్లు, నియమం ప్రకారం ప్రతి పాటకీ ముల్లు మార్చాలి. మార్చకపోతే గాడి చెడిపోతుంది. ముళ్లు చిన్న రేకు డబ్బాల్లో వచ్చేవి, మూత మీద కుక్క బొమ్మ. ఆ డబ్బాలు మీ బీరువాల అడుగున ఉండి ఉంటాయి, వెతకండి, అవి కొనుక్కునేవాళ్లు ఇప్పుడు చాలామంది.

పాతతరం నాటక నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యం రికార్డు మా దగ్గర ఒకటుండేది. మా తాతకి అది పెట్టకపోతే పెళ్లి పెళ్లే కాదు. ఎనభైల్లో కేసెట్లు రాగానే రికార్డులన్నీ ఎవరికో ఇచ్చేశాం.

ఎర్రగడ్డ_ఆదివారం
ఇలా ఇచ్చేసినవే ఎర్రగడ్డ సంతకి వస్తాయి మైకుసెట్టు గారూ. హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమ్మేరాత్ బజార్, నేను వెళ్లకుండా ఉండలేను. టార్పాలిన్ మీద పాత ఫ్యాన్లు, తాళాల మధ్య రికార్డుల దొంతర ఉంటుంది, కవర్లు లేకుండా, ఎండలో. ఎండలో పెట్టిన ఎల్పీ అప్పడంలా వంగుతుంది, చూస్తే ప్రాణం పోతుంది.

నేను కొనేముందు లేబులు మీద స్టాంపు చూస్తా. అప్పట్లో ప్రతి షాపువాడూ లేబులు మీదో కవరు మీదో తన రబ్బరు స్టాంపు కొట్టేవాడు. సుల్తాన్ బజార్, ఆబిడ్స్, సికింద్రాబాద్ సరే, నా దగ్గర ఉన్నవాటిలో కర్నూలు, ఆదోని, బరంపురం, బళ్లారి స్టాంపులు ఉన్నాయి. ఒక ఈపీ మీద మూడు స్టాంపులు, మూడు ఊళ్లు. కొన్నవాడు అమ్మాడు, అమ్మినవాడు ఇంకోడికి ఇచ్చాడు, అలా తిరిగింది. కలెక్టర్లు చాలామంది స్టాంపు ఉంటే మరక అని ధర తగ్గిస్తారు. నాకు అది ఉన్నదే కావాలి. మోరిస్‌పేట అన్నా, మీ రబ్బరు స్టాంపులు పారెయ్యొద్దు, ఒక తెల్ల కాగితం మీద అన్నీ కొట్టి ఫోటో పెట్టు.

కుక్కబొమ్మ78
స్టాంపు మీద సిరా లేబులు అక్షరాల్ని కప్పేస్తే మాత్రం నేనూ ధర తగ్గిస్తాను, ఏమనుకోకండి. లేబులు చదవలేకపోతే అది ఏ రికార్డో ఎలా తెలుస్తుంది? అయినా చివరి గాడి దాటాక నున్నటి భాగంలో గీసిన నంబరు ఉంటుంది, దాన్ని పట్టుకుని కనుక్కోవచ్చు.

ఖరగ్‌పూర్_తెలుగు
మాది బెంగాల్లో రైల్వే ఊరు. తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లం వేలమంది ఉన్నాం. గోల్‌బజార్‌లో ఒక షాపులో మాత్రమే తెలుగు కేసెట్లు దొరికేవి, అవీ విశాఖ నుంచి రైల్లో వచ్చే ఎవరో తెచ్చిపెట్టాలి. షాపు ఆయన బెంగాలీ, తెలుగు ఒక్క ముక్క రాదు. కేసెట్ మీద హీరో బొమ్మ చూసి, "ఏక్టా నొతున్ ఎసేఛే" (కొత్తది ఒకటి వచ్చింది) అని మా నాన్నకి చెప్పేవాడు. ఘంటసాల భగవద్గీత మాత్రం ఎప్పుడూ ఉంచేవాడు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది స్కూల్లో కాదు, ఇన్‌లే కార్డుల మీద, పాటల పుస్తకాల మీద. పాట వింటూ పుస్తకంలో అక్షరాల మీద వేలు పెట్టి మా అమ్మ చూపించేది.

మోరిస్‌పేట గారూ, పాటల పుస్తకాలు ఎవరూ పట్టించుకోలేదు ఇక్కడ. దయచేసి అవి తూకానికి వెయ్యొద్దు. నాసిరకం కాగితం, ముట్టుకుంటే విరిగిపోతాయి, అందుకే మిగిలినవి తక్కువ.

ఓరుగల్లు_పిల్ల
పాటల పుస్తకాలు మా దగ్గర థియేటర్ బయట అమ్మేటోళ్లు, ఇంటర్వెల్‌లో. ఖరగ్‌పూర్ గారు చెప్పింది చదివి మనసు నిండింది.

షాపుల్లో సినిమా పాటలే కాదు, మా వరంగల్‌లో ఒగ్గుకథ కేసెట్లకి వేరే అర ఉండేది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సినిమావి అడగరు, మల్లన్న కథ ఉందా, ఎల్లమ్మ కథ ఉందా అని. 1990లో పాటల మీద కట్టడి కొన్నాళ్లు సడలినప్పుడు గద్దర్ పాటలు, జననాట్యమండలి పాటలు కౌంటర్ మీదే పెట్టి అమ్మినరు. 92లో నక్సలైట్ సంఘాల మీద నిషేధం వచ్చాక అదే షాపాయన "లేవు బిడ్డా" అని, తెలిసిన మనిషయితే లోపలి నుంచి తెచ్చి కాగితంలో చుట్టి ఇచ్చేటోడు. కవర్ మీద ఏ బొమ్మా లేదు, తెల్ల స్టిక్కర్. అట్లాంటివి ఏ కంపెనీ లిస్టుల ఉంటయి? అందుకే గుంటూరు సార్, అన్ని షాపులూ దొంగలే అన్నట్టు మాట్లాడొద్దు.

ఆడియోసేల్స్_గుంటూరు
దొంగలని అనలేదమ్మా. మీరు చెప్పిన కేసెట్లు వేరే లోకం, మా సేల్స్ పుస్తకంలో అవి లేనే లేవు.

సూళ్లూరుపేట_రాము
మద్రాసు మూర్ మార్కెట్ గురించి ఎవరూ రాయలేదేంటి? మా నాన్న సెంట్రల్ స్టేషన్లో దిగితే ముందు అక్కడికే. పాత పుస్తకాలు, పాత రికార్డులు, తెలుగువి కుప్పలు, సినిమావాళ్లంతా అప్పట్లో అక్కడే కదా. 1985లో తగలబడింది. మా నాన్న ఆ వార్త విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మద్రాసులో తెలుగువాళ్లు వి.ఎ.కె. రంగారావు గారి లాంటివాళ్లు వేలకొద్దీ 78లు ఒంటిచేత్తో పోగుచేసి దాచబట్టి ఈరోజు వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నాం. షాపులు పోయినా సరుకు ఎవరో ఒకరు పట్టుకోవాలి.

చిన్నడౌటు
వీటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి నెట్‌లో పెట్టేస్తే సరిపోదా? ఇంత సామాను దేనికి?

కుక్కబొమ్మ78
హక్కులు చూసుకోవాలి నాయనా. సౌండ్ రికార్డింగ్‌కి మన దేశంలో విడుదలైన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అది దాటినవాటికి రికార్డింగ్ మీద ఇబ్బంది లేదు, కానీ రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ విడిగా హక్కు ఉంటుంది, వాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు. పాత నాటక పద్యాల్లో చాలా వాటికి అదీ తీరిపోయింది. అక్కడ మొదలుపెట్టొచ్చు. ఎక్కించినా అసలు రికార్డు ఉంచాలి. రేపు ఇంతకంటే మంచి మెషిన్ వస్తే మళ్లీ ఎక్కించుకోవాలంటే అదే కావాలి.

సి90
కేసెట్ల సంగతి కూడా చెప్తా. పెట్టగానే ప్లే కొట్టకండి. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న టేపు అంటుకుని ఉంటుంది, బూజు కూడా ఉండొచ్చు. ముందు పెన్సిల్ పెట్టి మెల్లగా కొంచెం తిప్పండి, తర్వాత ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ తిప్పి అప్పుడు వినండి. టేపు కింద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది, హెడ్‌కి టేపును నొక్కేది. దాని జిగురు ఎండి ఊడిపోతే పాట లోతులోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, టేపు పాడైందనుకుని చాలామంది పారేస్తారు. పాడైన కేసెట్లోంచి ఆ ముక్క తీసి దీనికి పెడితే చాలు. స్క్రూలు ఉన్నవి విప్పడం తేలిక, అతికించినవయితే బ్లేడుతో విప్పి టేపును వేరే డొక్కులోకి మార్చాలి. స్పీకర్ల పక్కన మాత్రం పెట్టొద్దు, అయస్కాంతం.

మోరిస్‌పేట
అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ మామయ్యకి చదివి వినిపించాను. గుంటూరు గారిది చదివేటప్పుడు భయపడ్డాను, కానీ ఆయన సీరియస్‌గా విని, మాట్లాడటం మొదలుపెట్టారు. రాసుకో అన్నారు. అందుకని ఆయన మాటలే పెడుతున్నా:

"ఆయన చెప్పింది నిజమే. కొత్త సినిమా కేసెట్ మార్కెట్లో ఉన్నన్నాళ్లు అందులో పాట నేను రికార్డు చేసేవాణ్ణి కాదు, కంపెనీది కొనుక్కోమనేవాణ్ణి. దానివల్ల గిరాకీ పక్క షాపుకి పోయింది, పోనీ అనుకున్నా. పాతవి మాత్రం ఎవరడిగినా చేశాను, చేసినందుకు విచారం లేదు. మైకు సెట్టు అబ్బాయికి చెప్పు, కపిలవాయి రికార్డులు మన దగ్గర ఉన్నాయి, రెండో బీరువా, కింద అర."

ఉన్నాయి. పొద్దున వెళ్లి చూశాను, సరిగ్గా అదే అరలో. ముళ్ల డబ్బాలు కూడా.

రిజిస్టర్లు నాలుగు దొరికాయి. మొదటి దాంట్లో ప్రతి సినిమా పేరు ఎర్ర సిరా, పాట నీలం సిరా, పక్కన పెన్సిల్‌తో నిమిషాలు, సెకన్లు. గీతలు పడిన రికార్డయితే పాట పక్కన చిన్న సున్నా. అలా ఉన్న పాట అడిగితే ముందే చెప్పి సగం డబ్బులే తీసుకునేవారట. చీటీలు కూడా ఉన్నాయి ఓరుగల్లు గారూ, పేజీల మధ్యలో. ఒకదాంట్లో పన్నెండు పాటలు రాసి, చివర "అయ్యా, నాలుగోది మా నాన్నగారికి, రెండుసార్లు వెయ్యండి" అని ఉంది. మామయ్య అలాగే వేశారో లేదో గుర్తులేదన్నారు, కానీ ఆ చేతిరాత ఎవరిదో వెంటనే చెప్పారు. పేరు ఇక్కడ పెట్టను.

అత్తయ్య ఇప్పుడు తూకం మాట ఎత్తడం లేదు. మా మేడమీద గది ఖాళీ చేసి ఇస్తానంది మా ఆవిడ. రిజిస్టర్లు, 78లు, స్టాంపులు, పాటల పుస్తకాలు, బోర్డు మా ఇంటికి. మిగతా కేసెట్లలో డూప్లికేట్లు ఎవరికి కావాలంటే వాళ్లకి ఇస్తాను, డబ్బులొద్దు, వచ్చి తీసుకెళ్లాలి.

మైకుసెట్టు
కపిలవాయి రికార్డు ఒక్కసారి వినిపిస్తే చాలు సార్, నాకు ఇవ్వక్కర్లేదు. ఫోన్లో రికార్డు చేసుకుంటా, మా నాన్నకి వినిపించాలి.

మోరిస్‌పేట
రెండు కాపీలున్నాయి. ఒకటి మీకే అన్నారు మామయ్య.

ఎర్రగడ్డ_ఆదివారం
రేకు బోర్డుకి ఎవరైనా బేరం పెడితే నాకు చెప్పకుండా మాత్రం ఇవ్వకు అన్నా!

ఆడియోసేల్స్_గుంటూరు
మీ మామయ్యగారి లాంటి షాపులు నా లైనులో మహా అయితే రెండో మూడో ఉండి ఉంటాయి. ఆయనకి నా నమస్కారం చెప్పండి. గుంటూరు నుంచి తెనాలి ఎంత దూరం, ఆదివారం వస్తాను. సర్దడానికి మనుషులు కావాలి కదా, మా అబ్బాయిని కూడా తెస్తా. అట్టపెట్టెలు ఏ సైజువి కావాలి?

కుక్కబొమ్మ78
ఎల్పీలకి 13 అంగుళాలు, 78లకి 11 అంగుళాలు సరిపోతాయి. పెద్ద పెట్టెలు వద్దు, 78లు పెట్టెకి ముప్ఫైకి మించి పెడితే అడుగు ఊడుతుంది. మధ్యమధ్యలో న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది, తెల్ల కాగితం కొనండి. నేనూ వస్తున్నా, చీరాల నుంచి పొద్దున రైలుకి.